పోస్టు పెట్టావు సరే, తర్వాత?

ఏం నాయనా, ఏమ్మా తల్లీ, కాస్త ఇలా వచ్చి కూర్చో. తిట్టడానికి పిలవలేదు. మాటల మధ్య నాలుగు తిట్లు పడినా మనసులో పెట్టుకోకు. నీ మంచి కోరేవాళ్ళు కాక ఇంకెవరు తిడతారు నిన్ను?

ఫోనులో నువ్వు రాసేవన్నీ చూస్తూనే ఉన్నాను. వీధి చివర మురుగుకాలువ పొంగితే ఫొటో తీసి పెడతావు. ఆసుపత్రిలో మంచం దొరక్క ఏ ముసలాయనో నేల మీద పడుకుంటే దాని మీద రాస్తావు. కట్నం కోసం కోడల్ని పొట్టన పెట్టుకున్నారని వార్త వస్తే, అర్ధరాత్రి దాటినా మేలుకుని ఈ సమాజం బాగుపడదని రాస్తావు. చదివి నాకు కోపం రాలేదు, ముచ్చటేసింది. పక్కవాడి కష్టం చూసి మనసు మండడం చిన్న సంగతి కాదు. మా ఈడువాళ్ళలో చాలామంది రేషన్ షాపులో తూకం తక్కువేసినా అక్కడ కిక్కురుమనకుండా, ఇంటికొచ్చి గొణుక్కున్నవాళ్ళే. నువ్వు నలుగురిలో అడుగుతున్నావు. అడగాల్సిందే.

అయితే నాదొకటే ప్రశ్న. పోస్టు పెట్టావు సరే, తర్వాత?

ఈ 'తర్వాత' దగ్గరే నువ్వు నాకు దొరకడం లేదు. మర్నాటికి ఇంకో ఫొటో, ఇంకో కోపం. నిన్నటి మురుగుకాలువ సంగతేమైందిరా అంటే, 'ఏ కాలువ?' అని నన్నే ఎదురు అడుగుతావు. నువ్వు మర్చిపోయావు కానీ, కాలువ ఎక్కడికీ పోలేదు. ఆ దారినే పిల్లలు బడికెళుతున్నారు. ఆ దోమలే మీ అమ్మనీ కుడుతున్నాయి.

పొయ్యి మీద పాలు పెట్టి పెద్ద మంట పెడితే ఏమవుతుంది? బుస్సున పొంగుతాయి. ఒక్క క్షణం గిన్నె నిండిపోయినట్టే కనిపిస్తుంది. మరుక్షణం పొయ్యి పాలు, గట్టు పాలు. మంటా ఆరిపోతుంది, గిన్నెలో గ్లాసుడూ మిగలవు. అవే పాలు సన్న సెగ మీద పెట్టి, దగ్గరే నిలబడి కాస్తే మీగడ కడుతుంది. నీ కోపం కూడా అంతే నాయనా. ఒక్కసారిగా పొంగించేశాక నీ దగ్గర ఏం మిగులుతుంది? 'కరెక్ట్‌గా చెప్పావన్నా' అని పదిమంది అంటారు. 'నీలాంటివాళ్ళు ఉండాలక్కా' అని ఇంకో పదిమంది. ఒళ్ళు తేలికపడుతుంది. ఏదో పని చేసి వచ్చినంత తృప్తిగా నిద్ర పడుతుంది. పనేమో మొదలే కాలేదు. కోపం తప్పని నేననను. కోపాన్ని చవగ్గా తీర్చేసుకోవడమే తప్పంటున్నాను.

అలాగని రాయడం మానెయ్యమంటున్నానా? లేదు. ఏ తలుపు తట్టినా తియ్యనివాళ్ళు ఉంటారు. పోలీసు స్టేషన్‌లో కేసు రాసుకోరు, ఆఫీసులో కాగితం తీసుకోరు, ఇంట్లోవాళ్ళు నోరు మూసుకోమంటారు. అలాంటివాళ్ళకి నలుగురిలో అరవడం తప్ప వేరే దారి ఉండదు. వాళ్ళని ఒక్క మాట అనను. నేనంటున్నది నీ గురించే. నీకు చదువుంది, కాళ్ళున్నాయి, బండి ఉంది, ఆఫీసు అరగంట దూరంలో ఉంది. ఉండి కూడా గడప దాటడం లేదు.

అసలు నువ్వు ఇలా రాసుకోగలిగే హక్కు కూడా ఎవరో గడప దాటితేనే మిగిలింది, తెలుసా? 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఇద్దరు అమ్మాయిల్ని పోలీసులు పట్టుకెళ్ళారు. బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై ఎందుకు మూసేశారని ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, రెండో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. అంతే వాళ్ళు చేసిన నేరం. దేశమంతా ఆ వార్త చదివి భగ్గుమంది. ఆ భగ్గుమన్నవాళ్ళలో శ్రేయా సింఘాల్ అనే ఒకామె, అప్పటికి నీ ఈడుదే, ఆ అరెస్టులకి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. తీర్పు వచ్చేసరికి 2015 మార్చి 24. రెండేళ్ళు దాటింది. ఆ సెక్షన్ కొట్టేశారు. కోపం ఆ రోజు అందరికీ ఒకేలా వచ్చింది. తర్వాతేమిటని అడుగు వేసింది మాత్రం కొద్దిమందే. ఆ అడుగు నీడన నువ్వూ నేనూ ఈరోజు రాసుకుంటున్నాం.

మన రాజమండ్రి సంగతే తీసుకో. కందుకూరి వీరేశలింగం గారికి ఫోను లేదు, పత్రిక ఉంది. 1874లో 'వివేకవర్ధని' పెట్టి, లంచాలు మరిగిన ఉద్యోగుల్నీ, కోర్టుల్లో జరిగే అక్రమాల్నీ ఉతికి ఆరేశారు. వెటకారం ఆయన కలానికి వెన్నతో పెట్టిన విద్య. నువ్వెంత ఘాటుగా రాసినా ఆయన ప్రహసనాల ముందు చప్పనే. ఊరిని తిట్టడంలో ఆయన నీకు తాత వరస అన్నమాట.

ఆయన తిట్టి ఊరుకున్నారా? 1879లో వితంతువులకు పెళ్ళిళ్ళు జరగాలని ఉపన్యాసాలు మొదలుపెట్టారు. ఊరు మండిపడింది. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం తన ఇంట్లోనే జరిపించారు. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. వంటవాళ్ళు రామన్నారు. బంధువులు మొహం చాటేశారు. ఊరు వెలివేసింది. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. ఆ బిందె సంగతి కాస్త ఆలోచించు తల్లీ. పత్రికలో రాసిన మాట బరువెంతో ఆ ఇంటి ఇల్లాలి నడుముకు తెలిసింది. ఆవిడ మొయ్యకపోతే ఆ ఉపన్యాసాలు ఉపన్యాసాలుగానే ఉండిపోయేవి. మాట్లాడినవాడే తన ఇంటి గుమ్మం తెరిచాడు కాబట్టి, ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటున్నాం.

అంత పెద్దవాళ్ళతో నాకు పోలికేమిటంటావా? పోనీ, సంతకం పెట్టడం కూడా అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్ళ సంగతి చెబుతాను, విను. నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్న రోజులు. కూలికెళ్ళొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట బడిలో కూర్చుని అక్షరాలు దిద్దుకుంటూ, పాఠంలో సారా మాట వస్తే వాళ్ళ వాళ్ళ ఇళ్ళ మాట చెప్పుకున్నారు. మొగుడు కూలి డబ్బులు తాగేస్తాడు, ఇంటికొచ్చి కొడతాడు, పొద్దున్నే పిల్లలకి గంజి ఉండదు. అందరిదీ ఒకే కథ. చెప్పుకుని ఏడ్చి ఎవరింటికి వాళ్ళు పోవచ్చు. పోలేదు. 1992లో అందరూ కలిసి తమ ఊరి సారా దుకాణం మీదికే వెళ్ళారు, మూయించారు. వాళ్ళలో ఒకరైన వర్ధినేని రోశమ్మ గారిని ఆ తర్వాత దేశమంతా దూబగుంట రోశమ్మ అనే పిలిచింది. సారా మీద పోరు ఆ ఊరి నుంచి పక్క ఊరికి, అక్కణ్ణుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి పాకింది. సారా వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది.

వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టారో చూశావా? ఢిల్లీతో మొదలుపెట్టలేదు, హైదరాబాదుతో మొదలుపెట్టలేదు. తమ ఊరి దుకాణం, తమ ఇంటి మగవాడు. ఎదురుపడితే మాట్లాడక తప్పని మనిషితోనే మొదలుపెట్టారు. అది కష్టం నాయనా. ముక్కూ మొహం తెలియని మంత్రిని తిట్టడం తేలిక. పక్కింట్లో ఉండే దుకాణం యజమానిని 'ఇది మూసెయ్యి బాబాయ్' అనడానికి గుండె కావాలి.

ఇంకొక్క ముక్క కూడా చెప్పాలి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. అంటే ఒకసారి గెలిస్తే చాలదు. గెలిచాక కూడా ఆ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి. అందుకే పదేపదే అడుగుతున్నాను, తర్వాత, తర్వాత అని.

మరి ఏం చెయ్యమంటావు అంటావేమో. చెబుతాను. ఓపిగ్గా విను. ఇది పోస్టులా చదువుకోవడానికి రంజుగా ఉండదు.

ముందు ఆ మురుగుకాలువ గురించి ఒక అర్జీ రాయి. తెల్లకాగితం మీద, నీ పేరుతో. ఒక కాగితంలో ఒక్క సంగతే. ఏ వీధి, ఏ ఇంటి నంబరు దగ్గర, ఎన్నాళ్ళ నుంచి, దానివల్ల ఎవరికి ఏ ఇబ్బంది. దేశం ఎటు పోతోందో అందులో రాయకు. నువ్వు తీసిన ఫొటో దానికి జతచెయ్యి, ఇప్పుడు ఆ ఫొటోకి పని దొరికింది. రెండు కాపీలు తీసుకెళ్ళు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ, సంతకం వేయించుకో. ఆ ముద్ర లేకపోతే రేపు 'నువ్వెప్పుడిచ్చావు?' అంటారు. రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. పేరేదైనా, అక్కడికొచ్చేవాళ్ళలో నీ ఈడువాళ్ళు తక్కువ. కర్ర పట్టుకుని వచ్చిన ముసలివాళ్ళు వరసలో నిలబడి ఉంటారు. ఒక్కసారి వాళ్ళ పక్కన నిలబడు. ఈ దేశంలో ఓపిక ఎవరి దగ్గరుందో తెలుస్తుంది.

జవాబు రాలేదా? సమాచార హక్కు చట్టం ఉంది. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు, అదీ కాకపోతే సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. ఎలా అడగాలో తెలియక చాలామంది బోల్తా పడతారు. 'మీరు ఎందుకు పని చెయ్యలేదు?' అని అడిగితే ఎవరూ జవాబు చెప్పరు, చట్టం కూడా చెప్పమనదు. ఉన్న కాగితాలు అడగాలి. ఈ కాలువకి ఏ సంవత్సరం ఎంత మంజూరైంది, కాంట్రాక్టరెవరు, ఎంత బిల్లు చెల్లించారు, కొలతలు రాసిన ఎం-బుక్ నకలు ఇవ్వండి. అలా అడగాలి. జరిగిన పనిని వెళ్ళి చూసే హక్కూ, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కూ కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. నీ పోస్టు చదివి నవ్వి ఊరుకున్న కాంట్రాక్టరు, ఎం-బుక్ నకలు అడిగాడట అనగానే కుర్చీలోంచి లేస్తాడు.

ఆ చట్టమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? రాజస్థాన్ పల్లెల్లో కూలివాళ్ళు, తాము చేసిన పనికి రాసిన కూలి ఒకటి, చేతికిచ్చింది ఒకటి అని కనిపెట్టారు. కూలి లెక్కలు రాసే మస్టరు నకలు చూపించమని అడిగారు. చూపించం అన్నారు అధికారులు. అరుణా రాయ్ లాంటివాళ్ళు వాళ్ళతోపాటు పల్లెలోనే ఉండి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. ఊరందరి ముందు లెక్కలు చదివించారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. దేశానికంతటికీ చట్టం వచ్చింది 2005లో. మధ్యలో తొమ్మిదేళ్ళు. నీకు తొమ్మిది నిమిషాల్లో జవాబు రాకపోతే ఫోను మార్చేస్తావు.

ఊరందరి ముందు లెక్కలు చదివించే ఆ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. ఆ ఏడాది నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు జరిగాయి. తనిఖీ చేసిందెవరనుకున్నావు? కూలివాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చి నాలుగు ముక్కలు చదువుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు. మస్టరు చేతపట్టుకుని ఇంటింటికీ తిరిగారు. 'పెద్దమ్మా, నువ్వు ఇన్ని రోజులు పని చేశావని రాశారు, నిజమేనా? ఇంత డబ్బు అందిందా?' అని అడిగి రాసుకున్నారు. తర్వాత అందరి ముందూ అధికారుల్ని కూర్చోబెట్టి చదివి వినిపించారు. పెద్ద గొంతుతో తిట్టాల్సిన అవసరమే రాలేదు. లెక్క చదివితే చాలు. నీ వయసువాళ్ళేరా వాళ్ళు! నీకన్నా తక్కువ చదువుకున్నవాళ్ళు, నీకన్నా ఎక్కువ నడిచినవాళ్ళు.

ఊరికి దూరంగా, ఏ బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్నవాళ్ళకీ ఇదే చెబుతాను. ఊరి వాట్సాప్ గ్రూపులో సర్పంచిని తిట్టేముందు, గ్రామసభ ఎప్పుడు జరుగుతుందో అమ్మనో నాన్ననో అడుగు. జరిగితే వెళ్ళి రమ్మను. జరగకపోతే ఎందుకు జరగలేదో పంచాయతీ కార్యదర్శికి ఫోను చేసి నెమ్మదిగా అడుగు. తిట్టే గొంతుకి వంద సాకులు చెబుతారు. నెమ్మదిగా అడిగి, మళ్ళీ వారం ఫోను చేసే గొంతుకి సాకులు అయిపోతాయి.

ఇప్పుడు కొంచెం గట్టిగానే చెప్పాలి, ఏమనుకోకు. నీ తొందర నీకొక్కడికే నష్టమైతే ఇంత చెప్పేదాన్ని కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ఒకటే మెసేజీలు. పంపినవాళ్ళందరూ మంచివాళ్ళే. మన పిల్లలు జాగ్రత్త అనే పంపారు. ఆ మాటలు నమ్మి ఊళ్ళలో కొత్త మొహం కనిపిస్తే చెట్టుకు కట్టి కొట్టారు. 2018 జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడలో ఐదుగురిని కొట్టి చంపేశారు. వాళ్ళు బిచ్చమెత్తుకుని బతికే సంచార జాతివాళ్ళు. మెసేజీ పంపిన చెయ్యి కర్ర పట్టలేదు నిజమే. కానీ ఆ కర్రని అక్కడిదాకా అందించింది ఎవరు?

అదే రోజుల్లో మన గద్వాల ప్రాంతంలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఏం చేశారో చూడు. ఊరికొక పోలీసుని అప్పగించి, ఇంటింటికీ పంపి, వచ్చిన మెసేజీ నిజమో కాదో మమ్మల్ని అడగండని చెప్పించారు. డప్పు కొట్టించి, పాటలు కట్టించి ఊరూరా వినిపించారు. మెసేజీకి విరుగుడు మనిషే అని ఆవిడకి తెలుసు. ఊరికి తెలిసిన మనిషి గుమ్మం ముందు నిలబడి చెబితే జనం విన్నారు.

కాబట్టి ఎవరి ఫొటో అయినా పెట్టేముందు ఒక రాత్రి ఆగు. నిజంగా ఒక్క రాత్రే. నువ్వు దొంగ అని రాసిన మనిషికి బడికెళ్ళే కూతురుంటుంది. రేపు సంగతి వేరని తేలితే నువ్వు పోస్టు తీసేస్తావు. ఆ పిల్లని బడిలో అన్న మాటలు ఎవరు తీసేస్తారు? తప్పు చేసిన గుమాస్తాని వదిలెయ్యమనడం లేదు. అతని పై అధికారికి తేదీ, వేళ, సంగతి రాసివ్వు. లంచం అడిగితే ఏసీబీకి 1064 నంబరుంది, చెప్పు. శిక్ష పడాల్సిన చోట పడనివ్వు. నువ్వు మాత్రం తీర్పరివి కావద్దు.

ఇక అసలు మాట. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కట్నం మీద అంత కోపంగా రాశావు కదా. 1961 నుంచి చట్టముంది. తీసుకోవడమూ నేరమే, ఇవ్వడమూ నేరమే. మరి నీ పెళ్ళి మాటలప్పుడు నువ్వెక్కడున్నావు నాయనా? లోపల గదిలో ఫోను చూసుకుంటూ కూర్చున్నావు. బయట మీవాళ్ళు, 'మేమేమీ అడగం, మీ పిల్లకి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం, పెళ్ళి మాత్రం ఘనంగా చెయ్యండి' అన్నారు. నీకు వినిపించింది. బయటికొచ్చి, 'నాన్నా, వద్దు, నాకిష్టం లేదు' అనడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు దేశంలోని పోస్టులన్నిటికన్నా బరువు. వీరేశలింగం గారి ఇంట్లో ఆ బిందె ఎంత బరువో, నీ ఇంట్లో ఆ మాట అంత బరువు.

కుల వివక్ష మీద రాస్తావు. మీ ఇంట్లో పనమ్మాయికి టీ ఏ గ్లాసులో ఇస్తున్నారో ఎప్పుడైనా చూశావా? అవినీతి మీద రాస్తావు. డ్రైవింగ్ లైసెన్సుకి బ్రోకరుకి డబ్బులిచ్చి, పరీక్షకి నామమాత్రంగా వెళ్ళొచ్చావు. మురుగుకాలువ మీద రాశావు. మీ గేటు ముందు కాలువ మీద ర్యాంపు కట్టి మూసేశారు, నీళ్ళెటు పోతాయి? నాయకుల్ని తిడతావు. 2020 డిసెంబరు 1న హైదరాబాదు నగరపాలక ఎన్నికల్లో ఓటేసింది నూటికి 47 మంది కూడా లేరు. చెత్త సంగతీ, కాలువల సంగతీ చూడాల్సింది కార్పొరేటర్లే కదా. ఆ రోజు సెలవిచ్చారు. సెలవు వాడుకున్నారు, ఓటు వాడుకోలేదు.

ఎత్తిపొడుస్తున్నానని అనుకోకు. ఇల్లంతా కడిగినట్టు శుభ్రంగా ఉంటేనే బయట మాట్లాడాలని కూడా అనను. అలా అయితే ఎవరూ నోరు విప్పలేరు. రెండూ పక్కపక్కనే నడవాలి అంటున్నాను. బయట ఒక మాట అంటే, ఇంట్లో ఆ మాటకి సరిపడా ఒక పని. ఇంట్లో చేసి చూసినవాడి మాటకి వేరే బలం ఉంటుంది. అందులో కష్టమెంతో వాడికి తెలుసు కాబట్టి, ఎదుటివాడిని తిట్టేముందు కాస్త ఆగుతాడు కూడా.

ఇంట్లోవాళ్ళంటే గుర్తొచ్చింది. కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెదనాన్న ఏదో తప్పుడు వార్త పంపితే, అందరి ముందూ ఆయన పరువు తీసేస్తావు. నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. ఆయన మనసు మార్చుకున్నాడా? గ్రూపులోంచి వెళ్ళిపోయాడు, పండక్కి రావడం కూడా మానేశాడు. ఫోను చేసి, 'పెదనాన్నా, అది నిజం కాదట, నేను చూశాను' అని నెమ్మదిగా చెబితే పోయేదేముంది? మనుషులు మారేది మనసు దగ్గరైనప్పుడే. సొంత పెదనాన్న మనసు మార్చలేనివాళ్ళం సమాజాన్ని మారుస్తామా?

ఇవన్నీ ఒక్కసారి చెయ్యమని కాదు. అక్కడే నువ్వు అలిసిపోతావు. పొద్దున కాలువ, మధ్యాహ్నం కాశ్మీరు, రాత్రి సినిమావాళ్ళ గొడవ, అన్నిటి మీదా కోపపడితే దేనికీ మిగలవు. ఏడాదికి ఒక్కటి ఎంచుకో. నీ కాళ్ళు చేరగలిగిన దూరంలో ఉన్నది, నీ కళ్ళ ముందు తేలేది. బడిలో మరుగుదొడ్డికి నీళ్ళు రావడం లేదా, అదొక్కటే పట్టుకో. ఇద్దరు ముగ్గుర్ని తోడు తెచ్చుకో. ఒకడు రాస్తాడు, ఒకడు తిరుగుతాడు, ఒకడు తేదీలు గుర్తుపెట్టుకుంటాడు. మిగతా వాటి గురించి చదువు, తెలుసుకో, బాధపడు. చేతులు మాత్రం ఆ ఒక్కదాని మీదే ఉంచు.

పని అయ్యాక పోస్టు పెట్టు, నేనే మొదటి లైక్ కొడతాను. ఏ రోజు అర్జీ ఇచ్చావు, ఎవరికిచ్చావు, ఎన్ని నెలలు పట్టింది, ఎక్కడ ఆగిపోయింది, ఎలా కదిలింది, అన్నీ రాయి. సాయం చేసిన గుమాస్తా పేరు కూడా రాయి. తిట్లు తప్ప వినని మనిషికి ఒక్కసారి మంచి మాట దక్కితే, తర్వాత వచ్చే అర్జీని ముందుకు జరుపుతాడు. అలాంటి పోస్టు చదివి పక్క వీధివాడు తన కాలువకి తను అర్జీ రాసుకుంటాడు. పని కాకపోయినా రాయి, ఎక్కడ ఆగిందో రాయి. అక్కణ్ణుంచి ఇంకొకడు అందుకుంటాడు.

ఇంతే నేను చెప్పేది. ఆదివారం సాయంత్రం కూర్చుని అర్జీ రాసుకో, జిరాక్సు తీయించుకో. సోమవారం ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టు. పొద్దున్నే టిఫిన్ తిని బయల్దేరు, అక్కడ వరస పెద్దదిగా ఉంటుంది. నీళ్ళ సీసా మర్చిపోకు. ముద్ర వేయించుకోకుండా మాత్రం తిరిగి రాకు.